ఖాళీ వరండాలో అడుగుల చప్పుడు

పోయిన వారం మీరు పత్రిక మడిచి పక్కన పడేసి ఎవరి పనుల్లోకి వాళ్ళు వెళ్ళిపోయారు. నేను మాత్రం ఈ వారం రోజులూ స్టూడియోలో ఆ కుర్చీలోనే ఉన్నాను. ఎదురుగా మా యజమాని తెర మీద వేలు పెట్టి "ఎక్కడమ్మా ఆవిడ?" అని అడుగుతూనే ఉన్నాడు. ఇక నన్ను అక్కడి నుంచి లేవనివ్వండి. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి అందుకుంటాను.

నా పని చూపు లేనివాళ్ళకి టీవీ చెప్పడం. సీరియల్లో మాటకీ మాటకీ మధ్య ఖాళీ వస్తుంది కదా, ఆ ఖాళీలో తెర మీద ఏం జరుగుతోందో నా గొంతు చెప్తుంది. "తలుపు తెరుచుకుంది. అతను ఉత్తరం జేబులో పెట్టుకున్నాడు." అంతే. ఏడిస్తే ఏడ్చిందని చెప్పాలి, ఎందుకేడ్చిందో చెప్పకూడదు. చెప్పింది సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి చూపు లేనివాళ్ళే ఒకరుంటారు. మా స్టూడియోలో ఆ ఒకరు మా అన్నయ్య. తొమ్మిదో ఏట జ్వరమొచ్చి వాడికి కళ్ళు పోయాయి. ఇప్పుడు ముప్పై తొమ్మిది. నేను ఐదేళ్ళు చిన్న. నా వాగుడు భరించలేక వాడు పెట్టిన పేరు వసపిట్ట. ఆ వాగుడే తర్వాత నాకు ఉద్యోగమైంది, చూశారా.

మూడు నెలలుగా మేం "జారిన గంట"ని మొదటి ఎపిసోడ్ నుంచి మళ్ళీ చూస్తున్నాం. ముప్పై ఒక్క ఏళ్ళ కిందటి సీరియల్. అందులో ఒక ఊరుంది. రోజూ మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు దాకా ఊళ్ళో అందరూ ఎక్కడివాళ్ళక్కడ నిద్రలోకి జారిపోతారు, లేచాక ఆ గంట సంగతే ఎవరికీ గుర్తుండదు. భూమి అదురు కొలిచే యంత్రం ఒకటి మాత్రం నిద్రపోదు. దాని ముల్లు కాగితం మీద గీతలు గీస్తుంటుంది, ఎవరో నడుస్తున్నట్టు. ఆ నడిచేదెవరో కనుక్కోవాలని యంత్రం దగ్గర పనిచేసే గుమాస్తా ప్రయత్నిస్తాడు. కథ అదీ.

చిన్నప్పుడు ఈ సీరియల్ వస్తుంటే వీధంతా తలుపులు గడియ పెట్టుకునేదట. ఇప్పుడు చూస్తే గోడలు అట్టముక్కలని తెలిసిపోతోంది. తుఫాను సీనులో బల్ల ఫ్యాను నీడ కూడా కనబడింది. మొదటి రెండు ఎపిసోడ్లూ నేను పకపకా నవ్వుకుంటూ రాశాను. మూడో దాని నుంచి నవ్వు తగ్గింది. ఏడో దానికొచ్చేసరికి మధ్యాహ్నం మూడయితే చాలు, వెనక్కి తిరిగి చూసుకోవడం మొదలుపెట్టాను. అట్టగోడలైతేనేం, భయం మాత్రం గట్టిగానే కట్టారు.

అన్నయ్య ఎదురు చూసిందంతా పదకొండో ఎపిసోడ్ కోసం. ఎనిమిదేళ్ళ వయసులో పది ఎపిసోడ్లు కళ్ళారా చూశాడు. పదకొండోది వస్తుండగా మధ్యలో పెద్దమ్మ లేచి టీవీ తీగ పీకేసింది. ఎందుకో చెప్పలేదు. ఆ తర్వాత మా ఇంట్లో ఆ సీరియల్ మాటే ఎత్తనివ్వలేదు. మరుసటేడు వాడికి కళ్ళే లేవు. నాన్న నేను పుట్టకముందే పోయారు. అమ్మ నాకు ఏడాది నిండిన నెలలో పోయింది. మమ్మల్ని పెంచిందంతా అమ్మకి అక్కయిన ఈ పెద్దమ్మే. కాబట్టి ఆవిడ తీగ పీకిందంటే పీకిందంతే, అడిగేవాళ్ళెవరు.

ఇక స్టూడియోకి వద్దాం.

మా యజమానిని అందరూ సెకన్లాయన అంటారు. మనిషిని పలకరించినా ఎన్ని సెకన్లు పట్టిందో చూసుకునే రకం. ఆయన గది గోడ మీద రెండే ముక్కలుంటాయి, పెద్ద అక్షరాల్లో: "ఉన్నది చెప్పు. లేనిది చెప్పకు."

"ఇరవై మూడు నిమిషాల పద్నాలుగో సెకను," అన్నాడు. "ఏం చదివావో మళ్ళీ చదువు."

నా కాగితం తీసి చదివాను. "గుమాస్తా బల్ల మీద తల వాల్చి నిద్రపోతున్నాడు. వెనక తెరిచి ఉన్న తలుపు. వరండాలో బూడిదరంగు కోటు వేసుకున్న స్త్రీ నడిచి వస్తోంది. ఎడమ చేతి బొటనవేలు గుప్పిట్లో దాచుకుంది. తలుపు దగ్గర ఆగి లోపలికి చూసింది. వెళ్ళిపోయింది."

"ఇప్పుడు చూడు."

తెర మీద గుమాస్తా నిద్రపోతున్నాడు. వెనక తలుపు తెరిచి ఉంది. దాని అవతల వరండా, పచ్చటి దీపం వెలుగు. పదకొండు సెకన్లు గడిచాయి. ఎవరూ రాలేదు. యంత్రం ముల్లు మాత్రం కాగితం మీద గీస్తూ పోయింది.

ఆయన మళ్ళీ వేశాడు. నేను కుర్చీ ముందుకు లాక్కుని కళ్ళలో వత్తులేసుకుని చూశాను. వరండా ఖాళీగా ఉంది.

"సార్, నేను చూశాను. కోటు చూశాను, చెయ్యి చూశాను. లేని బొటనవేలు నాకెందుకు కనబడుతుంది?"

"అదే నేనూ అడుగుతున్నాను."

"నేను రాసుకుంది పాత కాపీ చూసి. పైన సెకన్ల అంకెలు తిరుగుతుంటాయి చూడండి, అది. ఇది శుభ్రం చేసి పంపిన కొత్త కాపీ. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం."

"కొత్తది రాగానే పాతది తీసేయమని చానెల్ వాళ్ళ షరతు. నిన్నే తీసేశాం." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. గొంతులో కోపం లేదు, అది ఉన్నా బాగుండేది. "చూడమ్మాయ్. కళ్ళున్నవాడికి నువ్వు తప్పు చెప్తే వాడు నవ్వుకుని ఊరుకుంటాడు. వినేవాడికి నీ మాట తప్ప వేరే దిక్కు లేదు. అక్కడ లేని మనిషిని నిలబెట్టావంటే వాడి తలలో ఆ మనిషి ఉండిపోతుంది. ఎనిమిదేళ్ళలో నువ్వెప్పుడూ ఇలా చేయలేదు. అలిసిపోయావా?"

అలిసిపోయావా అని అడిగితే నాకు ఏడుపొచ్చింది. తిట్టినా తట్టుకునేదాన్ని.

"మా అన్నయ్యకి పంపేశారా?" అన్నాను.

"పొద్దున్నే వెళ్ళిపోయింది. ఈపాటికి వింటుంటాడు. నువ్వే వెళ్ళి ఆ వాక్యం కొట్టేయమని చెప్పు." లేచి నిలబడ్డాడు. మళ్ళీ ఏమనుకున్నాడో, "ఈ శుభ్రం చేసినవాళ్ళెవరో చానెల్లో కనుక్కుంటాలే. ఇప్పుడు మనుషుల్ని చెరిపేయడం కూడా పెద్ద పనేం కాదు," అన్నాడు. నామీద జాలితో అన్నాడనే అనుకున్నాను.

దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను. ఉద్యోగం పోతుందని కాదు. అన్నయ్యకి నేను పదేళ్ళ వయసు నుంచి లోకాన్ని చెప్తున్నాను. అటు బస్సొస్తోంది, ఇటు మెట్లున్నాయి, ఆయన చొక్కాకి సిరా అంటుకుంది అంటూ. వాడు ఒక్కసారి కూడా "నిజమేనా" అని అడగలేదు. ఇప్పుడు వెళ్ళి, "అన్నయ్యా, నీకు లేని మనిషిని చూపించాను" అని చెప్పాలి. ఇక రేపు మెట్లున్నాయంటే నమ్ముతాడా?

మా వాటా రెండో అంతస్తులో. నేను వెళ్ళేసరికి మూడు దాటింది. ముందు గదిలో పెద్దమ్మ కిటికీ దగ్గర మిషను మీద ఎవరిదో కోటు లోపలి గుడ్డ కుడుతోంది. అరవై ఆరేళ్ళు వచ్చినా దారం సూదిలోకి ఒక్క ఊపులో ఎక్కిస్తుంది. ఆ కిటికీకి మాత్రం ఎప్పుడూ సగం తెర వేసే ఉంచుతుంది. ఎదురింటి వాళ్ళు తొంగి చూస్తారని ఆవిడ గొడవ. ఎదురింటి రెండో అంతస్తులో కిటికీ తెరవగా నేనెప్పుడూ చూసింది లేదు, ఇక తొంగి చూసేదెవరట?

అన్నయ్య లోపలి గదిలో నేల మీద కూర్చుని ఉన్నాడు. చెవులకి పెట్టుకునేది తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మొహం తెల్లగా పాలిపోయింది.

"తలుపు వెయ్యి," అన్నాడు.

వేశాను. వాడేమైనా అనేలోపే గబగబా చెప్పేశాను. "ఒరేయ్ అన్నయ్యా, అందులో ఒక తప్పుంది. ఇరవై మూడో నిమిషం దగ్గర. ఒకావిడ వచ్చిందని చెప్పాను చూడు, ఎవరూ లేరక్కడ. ఇందాక స్టూడియోలో రెండుసార్లు చూశాను. వరండా ఖాళీ. ఎందుకలా రాశానో నాకే తెలీదు. క్షమించు, ఆ వాక్యం కొట్టేయ్."

వాడు నామీద కోప్పడలేదు. నేనేదో అర్థం లేని మాట అన్నట్టు తల పక్కకి వంచాడు.

"ఎవరూ లేరా?"

"లేరు."

"మరి నడిచిందెవరు?"

నాకు వెంటనే తలకెక్కలేదు. వాడు చెయ్యి చాపి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ చెవుల దాన్ని నా తలకి తగిలించి, మీట నొక్కాడు. నా గొంతు వినబడకుండా, సీరియల్ చప్పుడు మాత్రమే.

గుమాస్తా ఊపిరి. గడియారం. ముల్లు కాగితం మీద గీసే గరగర. దాని వెనకాల, దూరంగా, ఎవరో నడిచి వస్తున్నారు. ఒకడుగు గట్టిగా, రెండోది మెత్తగా. మళ్ళీ ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా. దగ్గరికొచ్చి ఆగాయి. ఒక ఊపిరి తీసుకునేంతసేపు ఏమీ లేదు. తర్వాత అలాగే వెనక్కి వెళ్ళిపోయాయి.

స్టూడియోలో ఇదే చప్పుడు నా చెవుల్లోనూ పడి ఉండాలి. నేను వినలేదు. ఆవిడ కోసం కళ్ళు చించుకుని చూస్తూ కూర్చున్నాను. సెకన్లాయన విన్నా పట్టించుకోడు. ఎవరూ లేనిచోట అడుగులు వినబడటమే కదా ఆ సీరియల్ కథ. చెరిపినవాళ్ళు బొమ్మని చెరిపారు, చప్పుడుని వదిలేశారు. కళ్ళున్నవాళ్ళు చేసే తప్పే అది. నేనూ ఆ జాబితాలోనే ఉన్నాను, సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను.

"అయితే నేను చూసింది నిజమే," అన్నాను. ఆ ఒక్క మాటకి నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఆ హాయి ఎంతోసేపు ఉండలేదు.

"బొటనవేలు గుప్పిట్లో పెట్టుకుందని చెప్పావు," అన్నాడు అన్నయ్య. "ఎడమ చేతిదే కదా?"

"ఎడమదే."

"నువ్వు ఊహించి చెప్పలేదు కదా?"

మొట్టమొదటిసారి వాడు నన్ను ఆ మాట అడిగాడు. "లేదురా. చూసిందే చెప్పాను."

వాడు రెండు చేతులూ నేల మీద ఆనించాడు. "నాకు ఆరేళ్ళప్పుడు మధ్యాహ్నం పూట చల్లగా ఉంటుందని చెవి నేలకి ఆనించి పడుకునేవాణ్ణి. అమ్మ వరండాలోంచి వస్తుంటే తెలిసిపోయేది. ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా. చీలమండ చిన్నప్పుడే విరిగిందట, ఆ కాలు పూర్తిగా ఆనించేది కాదు. నొప్పెట్టినప్పుడు బొటనవేలు గుప్పిట్లో నొక్కిపెట్టేది."

"ఒరేయ్, ఆ సీరియల్ తీసేనాటికి అమ్మ పోయి రెండేళ్ళు."

"నాకు లెక్కలు వచ్చులే," అన్నాడు. "అందుకే తలుపు వెయ్యమన్నాను."

బయట మిషను చప్పుడు ఆగుతూ సాగుతూ ఉంది. చివరికి వాడే లేచి, తీగ పీకి, ఎపిసోడ్‌ని పెద్ద స్పీకరుకి తగిలించాడు. తలుపు తీశాడు.

"పెద్దమ్మా," అన్నాడు, "వసపిట్ట కొత్తగా చెప్పింది, నువ్వూ ఒకసారి విను."

"నాకెందుకురా ఆ గోల," అంది పెద్దమ్మ తలెత్తకుండానే. "రేపటికి ఈ కోటు ఇచ్చేయాలి."

వాడు మీట నొక్కేశాడు. నా గొంతు గదిలోకి వచ్చింది: గుమాస్తా, తలుపు, వరండా, బూడిదరంగు కోటు. మిషను ఆగిపోయింది. పెద్దమ్మ చెయ్యి చక్రం మీదే ఉండిపోయింది. అడుగులు వచ్చాయి, ఆగాయి, వెళ్ళిపోయాయి.

"ఎవరావిడ?" అన్నాడు అన్నయ్య.

"నాకేం తెలుసు? ఎవరో దారిన పోయే మనిషిని పట్టుకొచ్చి నిలబెట్టి ఉంటారు." పెద్దమ్మ గుడ్డ సరిచేసుకుంది. "ఆ కోట్లన్నీ ఒక తీరువే. నాలుగు బొత్తాలు, కిందది ఒక్కటే గోధుమరంగు. దొరక్క ఏదో ఒకటి కుట్టేశారు."

నేను నా కాగితం వైపు చూసుకున్నాను. అక్కర్లేదు, నాకు కంఠతా వచ్చు. ఏం చెప్పానో అక్షరం పొల్లుపోకుండా తెలిసి ఉండటమే నా ఉద్యోగం.

"పెద్దమ్మా, నేను బొత్తాల గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు."

ఆవిడ కత్తెర తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది. "సరేలే. ఇక దాచేదేముంది. అప్పట్లో నేను వాళ్ళ దగ్గరే బట్టలు కుట్టేదాన్ని. ఆ కోటు నేనే కుట్టాను. ఒకరోజు మనిషి తక్కువైతే నన్నే తొడుక్కుని నడవమన్నారు. అది నేనే. టీవీలో కనబడితే మీరు ఊరంతా చాటుతారని సిగ్గేసి తీగ పీకాను. చాలా?"

చెప్పింది చక్కగానే ఉంది. అక్కాచెల్లెళ్ళు, పోలిక ఉంటుంది. నేనైతే నమ్మేసేదాన్నేమో.

అన్నయ్య గోడ పట్టుకోకుండా నడిచి వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "నీ అడుగులు నాకు తెలీవా పెద్దమ్మా? ముప్పై ఏళ్ళుగా వాటిని పట్టుకునే ఈ ఇంట్లో తిరుగుతున్నాను. నీకు కోపమొస్తే మడమ ముందు పడుతుంది. ఏడ్చి వచ్చావంటే చెప్పులు ఈడుస్తావు. అవి నీ అడుగులు కావు."

పెద్దమ్మ వాడి తల మీద చెయ్యి వేయబోయి వెనక్కి తీసుకుంది. కిటికీ తెర వైపు ఒకసారి చూసింది. అప్పుడే నాకు భయమేసింది, అన్నిటికన్నా ఎక్కువగా. జీవితంలో ఎవరికీ తలవంచని మనిషి, భుజాలు రెండూ ముందుకు వాలిపోయి కూర్చుంది.

"ఆ మెత్తటి అడుగు నా వల్లే వచ్చింది," అంది. "అప్పుడు మా చెల్లికి ఏడేళ్ళు, నాకు పది. గోడ మీంచి తోసింది నేనే. తనే జారిపడ్డానని ఇంట్లో చెప్పి నన్ను కాపాడింది."

చేతిలో కత్తెర మిషను మీద పెట్టేసింది.

"మీ అమ్మ చచ్చిపోలేదు. వెళ్ళిపోయింది. ఎందుకని అడక్కండి, నాకూ చెప్పలేదు. నాలుగు రోజుల్లో వస్తానని మిమ్మల్ని నా దగ్గర పెట్టింది. నాలుగు రోజులు నాలుగు నెలలయ్యాయి. నువ్వు రోజూ గుమ్మంలో కూర్చుని అమ్మేదని అడిగేవాడివిరా. ఎన్నాళ్ళని రేపని చెప్పను? ఒకరోజు చచ్చిపోయిందని చెప్పేశాను. నువ్వు మూడు రోజులు ఏడ్చి, నాలుగో రోజు అన్నం తిన్నావు. మంచి పనే చేశాననుకున్నాను."

"తర్వాత?" అన్నాను నేను.

"రెండేళ్ళకి ఆ సీరియల్ తీసేచోట కనబడింది. బట్టల గదికి కోటు తొడుక్కోవడానికి వచ్చింది. నేను కుట్టిన కోటే. బొత్తాలు పెడుతూ తలెత్తి చూద్దును కదా, ఇదే. పిల్లలెలా ఉన్నారక్కా అంది. మొదటి మాట అదే." పెద్దమ్మ కొంగుతో కాదు, చేతిలో ఉన్న ఎవరిదో కోటు గుడ్డతోనే కళ్ళు ఒత్తుకుంది. "నాకు పిల్లల్లేరు. మిమ్మల్ని పట్టుకుపోతుందని భయపడ్డాను. నిన్ను మర్చిపోయారే అన్నాను. చచ్చిపోయావని చెప్పాను, ఇప్పుడొస్తే దయ్యాన్ని చూసినట్టు జడుసుకుంటారన్నాను. అది ఇంకేం అడగలేదు. కోటు సర్దుకుని వెళ్ళి, వాళ్ళు చెప్పినట్టు ఆ వరండాలో నడిచి, కోటు విప్పి నా చేతికిచ్చి వెళ్ళిపోయింది. మళ్ళీ నేను చూడలేదు. ఒట్టు."

స్పీకరులో గుమాస్తా నిద్ర లేచి, ముల్లు గీసిన గీతలు చూసుకుని, "ఎవరో వచ్చి వెళ్ళారు" అంటున్నాడు. నేను వెళ్ళి ఆపేశాను.

"నేను మర్చిపోలేదు పెద్దమ్మా," అన్నాడు అన్నయ్య. మెల్లగా అన్నాడు, నిందించినట్టు కూడా లేదు. "ముప్పై మూడేళ్ళ తర్వాత కూడా, అట్టగోడల వెనక నుంచి, పది అడుగులు వింటే గుర్తుపట్టాను. ఆ మాట ఆవిడకి చెప్పేవాళ్ళెవరు ఇప్పుడు?"

పెద్దమ్మ నోరు నొక్కుకుని ఏడ్చింది. నాకు ఆవిడ మీద ఒళ్ళు మండిపోయింది, ఆ క్షణంలోనే ఆవిడని దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది. రెండిట్లో ఏదీ చేయలేదు. ఫోను మోగింది.

సెకన్లాయన. "అమ్మాయ్, నీకు క్షమాపణ చెప్పాలి," అన్నాడు, పలకరింపు కూడా లేకుండా. "నువ్వు చూసింది నిజమే. అక్కడ మనిషి ఉంది. చెరిపించారు. చానెల్ వాళ్ళకి రెండు నెలల కిందట ఒక ఉత్తరం వచ్చిందట, ఆ ఎపిసోడ్‌లో నడిచినావిడే రాసింది. పాత కాగితాల్లో ఉన్న సంతకంతో సరిచూసి నిజమేనని తేల్చుకున్నారు. చదవనా?"

నేను ఫోను స్పీకరులో పెట్టాను. ఎందుకు పెట్టానో ఆలోచించలేదు. అన్నయ్యకి వినబడకుండా నేనేదీ దాచలేను, అలవాటు.

"ఈ సీరియల్‌ని చూపు లేనివాళ్ళ కోసం కూడా తయారు చేస్తున్నారని పేపర్లో చదివాను," ఆయన సెకన్లు కొలిచినట్టే చదువుతున్నాడు. "పదకొండో ఎపిసోడ్‌లో నా బొమ్మ తీసేయండి. చూస్తే జడుసుకునేవాళ్ళున్నారు. అడుగుల చప్పుడు మాత్రం తీయకండి. అది వినాల్సినవాడు ఒకడున్నాడు."

పెద్దమ్మ ఏడుపు టక్కున ఆగిపోయింది. "వాడికి కళ్ళు పోయింది ఆ తర్వాతేడు," అంది, గుసగుసగా. "దానికి నేను చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు."

"సార్," అన్నాను, "ఆ ఉత్తరం మీద అడ్రసు ఉందా?"

"ఉంది. అది చెప్పడానికే చేశాను." కాగితం తిప్పిన చప్పుడు. "మీ వీధేనమ్మా. మీది పదిహేడో నంబరు కదా? ఇది పద్దెనిమిది. రెండో అంతస్తు."

నేను ఫోను అన్నయ్య చేతిలో పెట్టి కిటికీ దగ్గరికి వెళ్ళాను. పెద్దమ్మ వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది, నేను ఆ చెయ్యి మీదుగానే తెర పక్కకి లాగేశాను.

"చెప్పు," అన్నాడు అన్నయ్య వెనక నుంచి. "ఏం కనబడుతోంది? ఉన్నది చెప్పు."

"ఎదురింటి కిటికీ తెరిచి ఉంది," అన్నాను. నా గొంతు ఉద్యోగపు గొంతులాగే వచ్చింది, అదెలా వచ్చిందో తెలీదు. "మన వైపు తిప్పి ఒక కుర్చీ వేసి ఉంది. కుర్చీ వీపు మీద బూడిదరంగు శాలువా. పక్కన చిన్న బల్ల, దాని మీద కళ్ళజోడు. మనిషి లేదు."

"కుర్చీలో లేదా, గదిలోనే లేదా?"

"గదిలోనే లేదు. వెనక తలుపు బార్లా తీసి ఉంది."

వెనక్కి తిరిగాను. అన్నయ్య ఒక చేత్తో ఫోను నోరు మూశాడు. రెండో చెయ్యి ఎత్తి మమ్మల్ని మాట్లాడొద్దన్నాడు. తర్వాత మెల్లగా వంగి, ఆరేళ్ళ పిల్లవాడిలా, చెవి నేలకి ఆనించి పడుకున్నాడు. మొహం మా వైపు లేదు. మెట్ల వైపు ఉంది.